ఏడో తరగతి చెంపలు

ఆళ్లగడ్డ,
6 ఆగస్టు 1978

ప్రియమైన ప్రసన్నక్కకు,
తమ్ముడు సుందరరాజు అనేక వందనములతో వ్రాయునది.

ముందుగా ఈ ఉత్తరం వల్ల నీకు రాబోయే తలనొప్పికీ, ప్రభుదాసు బావ ఆదివారం నిద్రకు కలగబోయే భంగానికీ, కాగితం అంచుల మీద కూడా రాసి నీ కళ్లకు పెట్టబోయే శ్రమకూ, పోయిన ఉత్తరంలో "ఇక్కడ అందరూ నన్ను దేవదూతలాగ చూసుకుంటున్నారు" అని కోసిన కోతకూ, ఇకమీదట కోయబోయే కోతలకూ కలిపి ఒకేసారి సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. కన్నీళ్లు కూడా వచ్చాయి. సిరా చెరిగిపోతుందని పక్కకు వంగి కార్చాను.

ఇక అసలు సంగతి. నువ్వు నంద్యాల బళ్లో పదకొండేళ్లుగా పాఠాలు చెప్తున్నదానివి. పిల్లల గురించి నీకు తెలుసు. నాకు బి.ఇడి. పట్టా ఉంది. అందుకే నిన్ను అడుగుతున్నాను.

మా ఏడో తరగతిలో జయలక్ష్మి అని పన్నెండేళ్ల పిల్ల ఉంది. మనం ప్రశ్న ముగించేలోపల జవాబు చెప్పేసేది. ఆ పిల్ల జులై పదమూడో తేదీ గురువారం నుంచి నోరు తెరవడం లేదు. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తుతుంది. జవాబు అడిగితే నేల చూస్తుంది. నీళ్లు కావాలన్నా సైగే. మా హెడ్మాస్టరు నరసింహులు గారు కాంపౌండరును పిలిపించి గొంతులో ఊదారంగు మందు పూయించారు. మర్నాడు పిల్ల ఊదారంగు పెదాలతో వచ్చింది, మాట మాత్రం రాలేదు. వాళ్ల నాయన శేషయ్య, రైతు, దొర్నిపాడు దావలో ఇల్లు. ఆయన తాయెత్తు కట్టించాడు, యాగంటికి తీసుకుపోయి మొక్కించాడు. ఆ నాలుక తప్ప మిగతా అందరం కదులుతున్నాం.

ఇప్పుడు ప్రమాదం ఏమిటంటే, దసరా సెలవుల తర్వాత పిల్లను బడి మాన్పించేస్తానంటున్నాడు శేషయ్య. హెడ్మాస్టరు గారు కూడా సరే అంటున్నారు. "నోరులేని పిల్లను పబ్లిక్ పరీక్షకు పంపి మన ఫలితాలు పోగొట్టుకోవాల్నా అప్పా?" అన్నారు. పరీక్ష నోటితో రాయరు కదా సార్ అన్నాను. ఆయన ముఖం మందు పూసినట్టు మారింది.

ఆ గురువారం లెక్కల పీరియడ్లో ఇది జరిగింది. మా బడి పద్ధతి నీకు తెలిసిందే, అన్ని బళ్లలోనూ ఉన్నదే. జవాబు తెలియని వాళ్లంతా లేచి నిలబడతారు. తెలిసిన పిల్ల ఒక్కొక్కరి దగ్గరికీ పోయి ఎడమచేత్తో ముక్కు పట్టుకుని కుడిచేత్తో చెంప మీద కొట్టాలి. ఆడపిల్ల చేత కొట్టిస్తే మగపిల్లలకు రోషం వచ్చి చదువుతారని నరసింహులు గారి సిద్ధాంతం. జయలక్ష్మి ఆ రోజు వరసంతా కొట్టి వచ్చి కూర్చుంది. అంతే.

ఏం చెయ్యమంటావు? వెంటనే రాయి. నేను తెలివైనవాడినని మాత్రం రాయొద్దు, అది నాకు ముందే తెలుసు.

నీ తమ్ముడు
సుందరం


నంద్యాల,
12 ఆగస్టు 1978

ఒరే సుందరా,
ఆశీస్సులు.

నీ క్షమాపణలు దాటి విషయం కాడికి వచ్చేసరికి పొయ్యి మీద పాలు పొంగినాయి. మీ బావకు చదివి వినిపిస్తే, "వీడు ఊపిరాడక పోతాండా అని రాయాలన్నా ముందు రెండు పేజీలు పీఠిక పెడ్తాడు" అన్నాడు.

విను. ఆ పిల్లకు నోరు పోలేదు. మూసుకుంది. పోవడం వేరు, మూసుకోవడం వేరు. గొంతులో మందు పూసినోళ్లకు, తాయెత్తు కట్టినోళ్లకు ఆ తేడా తెలీలేదు. నీకన్నా తెలియల్ల.

ముందు చెయ్యాల్సింది, దాన్ని మాట్లాడమని అడగొద్దు. మాట్లాడితే బిళ్లలిస్తానని ఆశ పెట్టొద్దు. పదిమంది ముందు "ఏమ్మా, ఇప్పుడెట్లుంది" అని పలకరించొద్దు. నోటితో పనిలేని పని ఇయ్యి. బోర్డు మీద లెక్క రాయమను, హాజరు పుస్తకం తెమ్మను. నువ్వు కూర్చున్నట్టు అది కూడా ఊరికే కూర్చోనీ.

రెండోది, వాళ్లింటికి పో. ఇంట్లో కూడా మాట్లాడదా? తల్లితో కూడానా? నీ ఉత్తరంలో నాయన ఉన్నాడు, కాంపౌండరు ఉన్నాడు, తల్లి యాడ?

మూడోది. ఆ దినం నిలబడినోళ్ల వరసలో ఆ పిల్లకు కావాల్సినవాళ్లు ఎవరన్నా ఉన్యారా? ఆ దినం పాఠం చెప్తాండింది ఎవరు? ఇవి రెండూ నువ్వు రాయలేదు. ఊదారంగు మాత్రం రాసినావు.

మా బళ్లో కూడా ఆ ముక్కు పట్టే పద్ధతి ఉంది. నేను కూడా చేయిస్తాండా. నీ ఉత్తరం చదివేదాకా అది ఒక పద్ధతి అని కూడా నాకు తట్టలేదు.

నీ అక్క
ప్రసన్నకుమారి


ఆళ్లగడ్డ,
3 సెప్టెంబరు 1978

ప్రియమైన అక్కకు,

నీ ఆజ్ఞ శిరసావహించి శేషయ్య గారింటికి వెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో గొడుగు పట్టుకుని, ప్రభుత్వమే కదిలివచ్చినట్టు వెళ్లాను. వాళ్ల కుక్క మాత్రం మామూలు మనిషిని చూసినట్టే చూసింది.

"రా సారూ, కూసో" అన్నాడు శేషయ్య. "మా పాపకు గాలి సోకింది. నోరు పడిపోయింది."

"ఇంట్లో కూడా మాట్లాడదా?"

"యాడ మాట్లాడ్తాది! రాయి మాదిరి ఉంటాది."

లోపల్నుంచి తల్లి నరసమ్మ వచ్చింది. చేతులకు పిండి. "ఎనుముతో మాట్లాడ్తాది" అంది.

"ఏందీ?"

"పాలు పిండేటప్పుడు ఎనుము చెవికాడ ఏందేందో చెప్తాది. నేను విన్యా. నోరు పడిపోయిన పిల్లయితే ఎనుముతో ఎట్ల మాట్లాడ్తాది? నువ్వే చెప్పు సారూ, సదువుకున్నోడివి కదా."

చదువుకున్నవాడిని గనక గొడుగు సర్దుకున్నాను.

శేషయ్య మొగం చిట్లించాడు. తర్వాత గర్వంగా, "మీ బడి పద్ధతి మంచిది సారూ. మేము ఇంటికాడ కూడా పెట్టినాం" అన్నాడు.

ఏ పద్ధతి అని అడిగాను. నాకు తెలిసిపోయింది, అయినా అడిగాను.

పొద్దు వాలేవేళ అరుగు మీద పిల్లలిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి ఎక్కాలు అడుగుతాడట. తెలిసినవాళ్లు తెలియనివాళ్ల ముక్కు పట్టుకుని కొట్టాలి. "మగపిల్లోడు వాడు. చెల్లెలి చేత తింటాంటే రోషం రావల్ల కదా. రాల్యా. ఇప్పుడు పాప నోరు మూసుకునేసరికి ఇద్దరూ ఊరికే నిలబడి ఉంటారు. ఎవరు ఎవర్ని కొట్టల్లనో తెలీక నాకే యాష్టకొస్తాంది."

అవునక్కా. వరసలో ఆ పిల్లకు కావలసినవాడు ఉన్నాడు. దాని అన్న ఓబులేసు. పోయిన ఏడాది ఏడో తరగతి పబ్లిక్ తప్పి, ఇప్పుడు చెల్లెలితో పాటు అదే తరగతిలో కూర్చున్నాడు. ముందు ఉత్తరంలో రాయడం మరిచిపోయాను. మరిచిపోలేదు, కాగితం చాలలేదు. కాగితం కూడా చాలిందనుకో.

వాడు చెడ్డ మొద్దు కాదు. జవాబు నోటి దాకా వస్తుంది, ఎవరో చూస్తున్నారనగానే వెనక్కి పోతుంది. వాడికి రోజుకు ఐదారు దెబ్బలు చెల్లెలి చేత పడేవి, బళ్లో కొన్ని, ఇంట్లో కొన్ని. దాన్ని ఆపడానికి జయలక్ష్మికి ఒకే దారి దొరికింది. తనకు జవాబు తెలుసని ఎవరికీ తెలియకూడదు. అందుకని నోటికి తాళం వేసుకుంది. మనం దానికి మందు పూశాం.

ఆ రోజు తరగతిలో ఎవరున్నారని అడిగావు. నలభైఒక్క మంది పిల్లలు, రెండు బల్లులు, గోడ మీద భారతదేశం పటం ఉన్నాయి. లెక్కలు హెడ్మాస్టరు గారూ నేనూ పంచుకుంటాం.

నీ తమ్ముడు
సుందరం


నంద్యాల,
10 సెప్టెంబరు 1978

సుందరా,

బల్లుల లెక్క బాగా చెప్పినావు.

ఇక్కడ సంగతి రాస్తా. నీ ఉత్తరం చదివిన మర్నాడు మా నాలుగో తరగతిలో "ఈ దినం నుంచి ఎవరూ ఎవరి ముక్కూ పట్టుకోవద్దు" అని చెప్పినా. నేను దండలు పడతాయనుకున్యా. బైబిల్లో దేవుని మందసము మోసిన యాజకుల మాదిరి నిలబడినా. లూదియా అని చురుకైన పిల్ల లేచి, "అయితే నాకేమొస్తాది టీచరమ్మా?" అంది.

సుందరా, ఆ మాట నన్ను రెండు దినాలు వదల్లేదు. పిల్లకు నేను నేర్పించిన బహుమానం అదే. బాగా చదువు, పక్కనోళ్లను కొట్టొచ్చు. పదకొండేళ్లు నేను ఒక్క పిల్ల మీద చెయ్యి వెయ్యలేదని అందరికీ చెప్పుకున్యా. చాక్‌పీసు పట్టుకుని, చేతులు శుభ్రంగా పెట్టుకుని, పిల్లల చేత పిల్లల్ని కొట్టించినా. ఎంతమందో లెక్క లేదు. నేనే. వేరే ఎవరూ కాదు.

లూదియాకు ఏం చెప్పాలో తెలీక, "నీకు తెలిసింది పక్కనున్న దేవమ్మకు చెప్పు, దేవమ్మ చెప్పేదాకా ఇద్దరూ ఆటకు పోవద్దు" అన్యా. మొదటి దినం లూదియా ఏడ్చింది. నాలుగో దినం దేవమ్మ చెప్పింది. అప్పుడు లూదియా ఎగిరిన ఎగురు చూడల్ల. మా పెద్ద టీచరు జానకమ్మ గారు, "బడిని సంతలాగ చేసినావు" అన్యారు. సంతలో ఎవరూ నిలబెట్టి కొట్టరమ్మా అన్యా. నాకు ఇంత నోరుందని నాకే తెలీదు.

నువ్వు కూడా ఆపు. చాటుగా కాదు, హెడ్మాస్టరుకు చెప్పి ఆపు. అన్నాచెల్లెళ్లను ఒకే బెంచీ మీద కూర్చోబెట్టు. శేషయ్యకు నువ్వు చెప్తే వినడు. నరసమ్మతో మాట్లాడు. ఎనుము కాడికి పోయి విన్నది ఆమె ఒక్కతే.

నీ అక్క
ప్రసన్న


ఆళ్లగడ్డ,
29 సెప్టెంబరు 1978

అక్కా,

యుద్ధవార్తలు. నిదానంగా చదువు. పాలు దించి చదువు.

నీ ఉత్తరం అందిన రోజే హెడ్మాస్టరు గారి గదికి వెళ్లి, ఇకమీదట నా పీరియడ్లలో చెంపదెబ్బలు ఉండవని విన్నవించుకున్నాను.

"కొట్టకుంటే సదువు యాడనుంచొస్తాదప్పా?"

"పుస్తకంలోనుంచి సార్."

"మేమంతా తన్నులు తినే ఇంతోళ్లమైనాం."

ఎంతోళ్లయ్యారో చూద్దామని పైనుంచి కిందికి చూశాను. ఆయనకు ఆ చూపు అర్థమైనట్టుంది. బయటికి పొమ్మన్నారు.

నరసమ్మతో మాట్లాడాను. మూడు మాటలు కూడా పూర్తి కాలేదు. ఆ సాయంత్రం శేషయ్య పిల్లల్ని అరుగు మీద నిలబెట్టగానే ఆమె పొయ్యిలో నీళ్లు పోసిందట. "నా ఇంట్లో ఒకరి ముక్కు ఒకరు పట్టుకున్నన్నాళ్లు నేను సంగటి కెలకను. మీరే కెలుక్కోండి" అందట. శేషయ్య రెండు పూటలు రోషంగా ఉన్నాడు. మూడో పూట అరుగు ఖాళీ.

బళ్లో అన్నాచెల్లెళ్లను ఒక బెంచీ మీద కూర్చోబెట్టాను. పిల్ల మాట్లాడలేదు. పలక మీద లెక్క వేసి వాడి వైపు తోసేది. వాడు కింద ఏదో రాసి వెనక్కి తోసేవాడు. ఆ పలక రోజంతా ఇటూ అటూ తిరుగుతుండేది. నేను చూడనట్టు నటించాను. నటనలో నాకు మంచి పేరుంది.

నిన్న గురువారం నరసింహులు గారు స్వయంగా వచ్చారు, పద్ధతిని పునఃప్రతిష్ఠ చెయ్యడానికి. నన్ను మూలకు నిలబెట్టి బోర్డు మీద రాశారు. పన్నెండుమంది ఒక పనిని ఎనిమిది రోజుల్లో చేస్తే, ఆరుమంది ఎన్నిరోజుల్లో చేస్తారు?

"తెలిసినోళ్లు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. ఆ లెక్క సగం మందికి వచ్చు, నాకు తెలుసు. నలభైఒక్క మంది నోళ్లు మూసుకుని ముందుకు చూస్తున్నారు. ఎవరూ వాళ్లకు చెప్పలేదు. రెండు నెలలుగా ఒక పిల్లను చూసి నేర్చుకున్నారు.

"ఏందీ, అందరికీ గాలి సోకిందా? ఓబులేసూ! లెయ్యి. నువ్వు చెప్పు."

ఎప్పుడూ తప్పేవాడిని లేపితే అందరి చేతా నవ్వించొచ్చని ఆయన ఎత్తు. వాడు లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి. పలక వైపు చూడలేదు.

"పదహారు సార్."

"ఏందీ?"

"పదహారు దినాలు సార్. మనుషులు సగమైతే దినాలు రెండింతలు."

ఆయన బోర్డు వైపు తిరిగి, తానే రాసిన లెక్కను ఇంకోసారి చదువుకున్నారు. తర్వాత ముఖం వెలిగింది. "చూసినావా! దెబ్బలు తిని తిని వచ్చింది వీనికి. రారా. మొదలుపెట్టు. మీ చెల్లెలితోనే మొదలుపెట్టు. ఇన్ని దినాలు నీకు వేసింది కదా."

జయలక్ష్మిని లేపి నిలబెట్టారు. ఓబులేసు కదల్లేదు. చేతులు రెండూ నిక్కరు జేబుల్లో పెట్టుకున్నాడు.

"కొట్టరా!"

అప్పుడు ఒక గొంతు వినిపించింది. చాలారోజులు వాడని గొంతు, బొంగురుగా ఉంది. ఎవరిదో నాకు వెంటనే అర్థం కాలేదు.

"వాడు కొట్టడు సార్."

హెడ్మాస్టరు గారు వెనక్కి తిరిగారు. "ఏం? ఎందుకు కొట్టడు?"

"మేము కొట్టుకోము సార్" అంది జయలక్ష్మి. "ఇంటికాడ కూడా."

వెనక బెంచీనుంచి ఇంకెవరో "మేము కూడా సార్" అన్నారు. తర్వాత ఇంకొకరు. హెడ్మాస్టరు గారు చాక్‌పీసు కింద పడేసి వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి నా చేతికి మెమో వచ్చింది. విద్యార్థులను తిరుగుబాటుకు పురికొల్పినందుకు సంజాయిషీ ఇవ్వవలెను. శేషయ్యకు కూడా కబురు పంపారు, శనివారం వచ్చి పిల్లలిద్దరినీ తీసుకుపొమ్మని.

నాకు భయంగా ఉంది, సంతోషంగా కూడా ఉంది.

నీ తమ్ముడు
సుందరం


నంద్యాల,
1 అక్టోబరు 1978

సుందరా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివినా. మీ బావ నాలుగోసారి పెద్దగా చదవమన్నాడు. "మేము కొట్టుకోము సార్" కాడికి రాగానే లేచి బయటికి పోయి, తాను పనిచేసే మిల్లు దుమ్ము కంట్లో పడిందని చెప్పినాడు. ఈ దినం ఆదివారం, మిల్లు లేదు.

భయపడొద్దు. ఉద్యోగం తీసేస్తే ఇక్కడికి రా. నా వంట తిని నువ్వే ఇంకో ఉద్యోగం వెతుక్కుంటావు.

మెమోకు జవాబు రాసేటప్పుడు నీ వేషాలు వెయ్యొద్దు. జరిగింది రాయి. పిల్లలు నీకన్నా ముందు నిలబడినారు, వాళ్ల పరువు తియ్యొద్దు.

ఇంకోటి. ఆగస్టులో నేను ఒక మాట అడిగినా. నువ్వు బల్లుల్ని లెక్క పెట్టినావు. నేను నా పదకొండేళ్లు నీకు రాసినా. ఎవరూ అడగకుండానే రాసినా. నువ్వు ఇంత మంచి పని చేసినప్పుడు కూడా నీ ఉత్తరాల్లో యాడో ఒక తలుపు మూసే ఉంది. హెడ్మాస్టరు మీద ఇంత కోపం ఉన్నోడు ఆ జులై గురువారం గురించి ఆయన్ను ఒక్క మాట కూడా అనలేదు. నాకు అర్థమైందనుకుంటా. అయినా నువ్వే చెప్పల్ల.

నీ అక్క


ఆళ్లగడ్డ,
4 అక్టోబరు 1978

అక్కా,

ముందు పిల్లల సంగతి. శనివారం శేషయ్య వచ్చాడు. ఉతికిన పంచె, తలగుడ్డ. హెడ్మాస్టరు గారు గట్టిగా, "నీ బిడ్డ ఎదురు మాట్లాడింది, పేరు కొట్టేస్తాండా, తీసుకపో" అన్నారు.

శేషయ్య, "ఏం మాట్లాడింది సారూ?" అన్నాడు.

చెప్పారు.

"నోటితోనేనా?"

"నోటితో కాక!"

శేషయ్య తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "కాంపౌండరు కాడ తెరవల్యా. యాగంటిలో తెరవల్యా. నా కాడ తెరవల్యా. నీ బళ్లో తెరిచింది. యాడ తెరిచిందో ఆడనే ఉంటాది. మళ్లీ మూయించినావంటే మాత్రం నేనొస్తా" అన్నాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి, "పిల్లోడు కూడా" అన్నాడు.

పేర్లు రిజిస్టరులోనే ఉన్నాయి. ఇద్దరూ పరీక్ష రాస్తారు.

ఇక నా సంజాయిషీ. ఇట్లా రాశాను: విద్యార్థులకు మౌనవ్రతం నేను నేర్పలేదు. "కొట్టుకోము" అన్న మాట నేను చెప్పించలేదు, అంత మంచి మాట నాకు రాదు. శ్రీమతి నరసమ్మ గారి పొయ్యిలో నీళ్లు నేను పొయ్యలేదు. హెడ్మాస్టరు గారి చాక్‌పీసు నేను పడెయ్యలేదు. వీటిలో ఏ ఒక్కటైనా నేను చేసి ఉంటే గర్వపడేవాడిని. చెంపదెబ్బల పద్ధతిని మాత్రం మళ్లీ నా తరగతిలోకి రానివ్వను, ఏ శిక్ష వేసినా సరే. ఇట్లు, సుందరరాజు. నన్ను ఎక్కడికి పంపుతారో తెలియదు. పంపిన చోట కూడా చెంపలుంటాయి కదా.

నిన్న సాయంత్రం బడి వదిలాక అన్నాచెల్లెళ్లిద్దరినీ ఆపి, జులైలో జరిగిందానికి తప్పు నాదని చెప్పాను. పెద్ద ప్రసంగం తయారుచేసుకున్నాను. మొదటి వాక్యం కూడా పూర్తి కాకముందే జయలక్ష్మి, "మాకు తెలుసు కదా సార్, మేము ఆడనే ఉన్యాం కదా" అంది. ఓబులేసు సంచీ సర్దుకున్నాడు. వాళ్లకు ఇంటికి పోవాలని తొందరగా ఉంది.

కాబట్టి తెలియనిదానివి నువ్వు ఒక్కదానివే. నీకు కూడా తెలిసిపోయింది. అయినా రాస్తాను.

ఆ పీరియడ్ నాది. హెడ్మాస్టరు గారు ఆ రోజు ఊళ్లోనే లేరు. పిల్ల వరసంతా మామూలుగానే కొట్టుకుంటూ వచ్చి, అన్న దగ్గర ఆగింది. ముక్కు పట్టుకోలేదు. చెంప మీద చెయ్యి ఆనించి తీసేసింది, అంతే. నేను కొత్త మాస్టరును. తరగతి నన్ను చూసి నవ్వాలని నాకు భలే కోరికగా ఉండేది. "ఏం జయలక్ష్మీ, ఈగను తోలుతాండావా? ఈగ ఎగరను కూడా ఎగరలేదే. గట్టిగా కొట్టు" అన్నాను. అందరూ విరగబడి నవ్వారు. పిల్ల కొట్టింది. ఓబులేసు చెంప మీద వేళ్లు తేలాయి. అది తన చేతిని చూసుకుంటోంది.

నవ్వు అంత బాగా వచ్చిందని, నేను ఆ మాట రెండోసారి కూడా అన్నాను.

సుందరం